వేడి చల్లారకముందే

కదులుతోంది, కళ్ళముందే కదులుతోంది దరిద్రపుది, ఒక పక్కకి కాలు చాపినట్టు చాపి, ఒళ్ళంతా అందులోకి ఒంపుకుని, మళ్ళీ ఇంకో పక్కకి చాపి, కడుపులో మూడు ఎర్ర రక్తకణాలు, కాదు నాలుగు, మింగినవి మింగినట్టే కనబడుతున్నాయి, జోగమ్మత్త రక్తమే అది, నెల్లాళ్ళుగా రోజుకి పదిసార్లు జిగురుతో కలిసి పోతున్న రక్తం, అమీబా, పుస్తకంలో బొమ్మ వేసినట్టుంది, మరి ఈ నెలలో మూడుసార్లు ఆవిడ మలం ఇదే మైక్రోస్కోపు కింద పెట్టి, ఇదే కుర్చీలో కూర్చుని, ఏమీ కనబడలేదని మూడుసార్లూ సంతకం పెట్టింది తనే కదా, పద్దెనిమిదేళ్ళ సర్వీసు, ఈ స్టీలుప్లాంటు ఊళ్ళో, సెక్టర్ 4లో ఏ డాక్టరైనా సరే భాగ్యరేఖ చూసిందంటే ఇంక రెండోమాట అనడు, తగలెయ్యనా ఆ పేరు, అరికాలి మంట నెత్తికెక్కింది భాగ్యరేఖకి, ఎవరిమీదో తెలియలేదు గానీ ఎక్కింది.

ఇదైనా అదృష్టం కొద్దీ దొరికింది, ఇవాళ జోగమ్మ వచ్చింది దీనికోసం కాదు, రక్తంలో షుగరు ఎంతుందో చూపించుకోవడానికి, ఎందుకంటే డాక్టరుగారు ఆ మూడు రిపోర్టులూ చూసి, క్రిములేమీ లేవు కాబట్టి ఇది పేగుపూత అని తేల్చేసి స్టెరాయిడ్ మాత్రలు రాసిచ్చారు, షుగరు చూసుకుని ఈ పూట నుంచే మొదలుపెట్టమన్నారు, బెంచీమీద కూర్చున్న మనిషి ఉన్నట్టుండి కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోతే లాబ్ బాత్రూముకి తీసుకెళ్ళి, చేతికో కొత్త డబ్బా ఇచ్చి, ఇందులో కాస్త పట్టత్తా అంది, ఇంకా వెచ్చగా ఉన్నదాన్ని సెలైన్ చుక్కలో కలిపి చూస్తే ఇదీ సంగతి, ఆ నొప్పి ఇంకో గంట ఆగి వచ్చుంటే, ఇంటికి వెళ్ళిపోయాక వచ్చుంటే, నాలుగు మెతుకులు తిని ఆ మాత్ర వేసేసుకునేది, అమీబా తొలిచేస్తున్న పేగుమీద స్టెరాయిడ్ పడితే ఏమవుతుందో ట్రైనింగులోనే చెప్పారు, పేగుకి చిల్లి, కడుపంతా చీము, ఆపైన మనిషి దక్కడం కష్టం.

ఆ సురేశ్‌ని అనాలి ముందు, జోగమ్మ కొడుకుని, ఎన్నిసార్లు చెప్పింది తను, తమ్ముడూ, అమీబా వెచ్చగా ఉన్నంతసేపే బతుకుతుంది, మహా అయితే అరగంట, చచ్చిందంటే మామూలు చీముకణంలా ముడుచుకుపోతుంది, ఎంతటివాళ్ళూ పోల్చలేరు, పట్టిన వెంటనే పట్టుకురా అని, ఆ మహానుభావుడు డబ్బాని బండి హేండిలుకి తగిలించుకుని, కూతుర్ని బడి దగ్గర దింపి, పాన్ ఠేలా దగ్గర ఎవరితోనో ముచ్చట్లాడి, ఎండలో ఊరేగించి తెచ్చి కౌంటరు మీద పెట్టి సారీ దీదీ, దేర్ హో గయీ అంటాడు, ఇక్కడే పుట్టి పెరిగాడు కాబట్టి తెలుగుకన్నా హిందీయే సుఖం వాడికి, ఆలస్యమైందని ఏ భాషలో చెబితే మాత్రం బతికొస్తుందా అది, పోనీ వాడు తెచ్చాడు, ఇక్కడేం వెలగబెడుతున్నారు, లాబ్ యజమాని నరేంద్ర గారి రూలు ఒకటి ఏడ్చింది కదా, రక్తం ఇచ్చేవాళ్ళు వరసలో ఉండగా మలం డబ్బాల మూతలు తియ్యకూడదు, కంపుకి జనం వెళ్ళిపోతారు, అన్నీ వెనక కిటికీలో పేర్చిపెట్టి పదకొండున్నరకి ఒక్కసారే చూడాలి, శవాలని చూడ్డానికి మైక్రోస్కోపు ఎందుకండీ అని ఓసారి అడిగితే నవ్వి ఊరుకున్నాడు, నవ్వకేం, పోయేది వాళ్ళమ్మ పేగులు కావు కదా.

డాక్టరుకి ఫోన్ చేస్తే కాంపౌండరు ఎత్తాడు, సాబ్ బిజీ, శామ్ కో కీజియే అన్నాడు, సాయంత్రం ఏమిట్రా నీ మొహం, అభీ, అభీ దో ఫోన్, అని తను అరిచిన అరుపుకి కౌంటరులో పేర్లు రాసుకుంటున్న ఛాయ పెన్ను వదిలేసింది, నరేంద్ర గదిలోంచి తల బయటపెట్టి మేడమ్, ఆవాజ్ అన్నాడు, గొంతు తగ్గించమని, ఆవాజూ లేదు గీవాజూ లేదు పొండి అని తెలుగులోనే అనేసింది, అర్థమైనట్టుంది, తల లోపలికి వెళ్ళిపోయింది, ఈలోగా డాక్టరు లైన్లోకి వచ్చారు, అంతా విన్నారు, మాత్రలు ఒక్కటి కూడా వెయ్యనివ్వకండి, వెంటనే నా దగ్గరికి పంపండి, ఇవాళే అమీబాకి మందు మొదలుపెడతాను అన్నారు, అక్కడితో ఆగుంటే బాగుండేది, లేకిన్ మేడమ్, పహలే కే తీన్ నిల్ కైసే ఆయే, మెత్తగానే అడిగారు, మొదటి మూడింట్లో ఏమీ లేదని ఎలా వచ్చిందని, దానికి జవాబు ఉంది, సురేశ్, ఎండ, కిటికీ, పదకొండున్నర, కానీ కనుక్కుని చెబుతానండీ అని ఫోను కట్ చేసింది, ఎందుకంటే రెండోసారి డబ్బా వాడు పావుగంటలో తెచ్చాడు, తను నరేంద్రతో గొడవపెట్టుకుని అప్పటికప్పుడే చూసింది, అరగంటసేపు స్లైడంతా గాలించింది, ఒక్కటంటే ఒక్కటి కదిలితే ఒట్టు, ఎందుకు కదల్లేదు?

బెంచీ దగ్గరికి వచ్చేసరికి ఆ కోపం ఎదురుగా ఉన్న మనిషిమీదికే తిరిగింది, జోగమ్మ గోడకి జేరబడి ముడుచుకుని కూర్చుంది, ఈ నెలరోజుల్లో మనిషి సగమైపోయింది, ఒళ్ళో ప్లాస్టిక్ సంచీ, అందులో మాత్రలు, వేసేసుకున్నావా అత్తా, నేదమ్మా, సుగరు సూసినాకే ఏసుకోమన్నాడు గదా, ఇటియ్యి, సంచీ లాక్కుని చూసింది, అట్ట చింపలేదు, హమ్మయ్య అనుకోవలసింది పోయి పోలీసులా నిలబడింది, ఏటత్తా ఇది, ఇంటి దగ్గర డబ్బాలో ఎలాగ పడుతున్నావు, నీళ్ళు కలుపుతున్నావా, ఏం చేస్తున్నావు, సరిగ్గా చెప్పు, జోగమ్మ బెదిరిపోయి చూసింది, ఈ మనిషేనా, కార్మికుల క్యాంప్ 1లో పక్కిల్లు, నాన్నా, ఈవిడ భర్త నరసింగరావు మామా ప్లాంటులో బొగ్గు కాల్చే కోకోవెన్స్‌లో ఒకే షిఫ్టు, అమ్మ ఆసుపత్రిలో ఉన్న వారంరోజులూ నాలుగేళ్ళ తనకి విరేచనాలు పట్టుకుంటే ఎన్నిసార్లు కడిగిందో, ఎన్ని పక్కబట్టలు ఉతికిందో, వీధి కుళాయి దగ్గర ఎవరో ముక్కు మూసుకుంటే, పసిదాని దొడ్డికి కంపేటే అని వాళ్ళమీద కేకలేసిందట, అమ్మ ఇప్పటికీ చెబుతుంది, ఆ జోగమ్మ ఇప్పుడు తప్పు చేసిన పిల్లలా గొంతు తగ్గించి, తిట్టకు భాగ్యం, ఇందాకటి డబ్బా కడగనేదు, నువ్వు గబుక్కున సేతిలో ఎట్టీసినావు, నాకేటీ తోచనేదు, ఇంటికాడైతే పినాయిలేసి తోమి, అడుగున ఇంకో మూతడు పినాయిలు పోసి మరీ పంపుతాను, కంపు రాకుండా, నువ్వే గదమ్మా అన్నావు.

ఎప్పుడన్నాను, అనబోయింది, అనలేకపోయింది, గుర్తొచ్చేసింది, నెల కిందట మొట్టమొదటిసారి డబ్బా పట్టుకొచ్చింది సురేశ్ కాదు, జోగమ్మే, పాత ఊరగాయ డబ్బా, మూత సరిగ్గా పట్టక చుట్టూ గుడ్డ కట్టి, వరసలో పదిమంది ఉన్నారు, తనకి పొద్దున్నుంచీ నరేంద్రతో ఏదో తగాదా, ఛీ, ఏమిటత్తా ఈ కంపు, మనుషులేనా మీరు, శుభ్రంగా తేవడం కూడా చేతకాదా అని అందరి ముందూ ముక్కు చిట్లించి, మూతైనా తియ్యకుండా వెనక్కి ఇచ్చేసింది, జోగమ్మ దాన్ని కొంగులో దాచుకుని తల దించుకుని వెళ్ళిపోయింది, ఆ తరవాత ఇంక ఆవిడ రాలేదు, కొడుకుతోనే పంపింది, మూడు డబ్బాలూ మూత తియ్యగానే ఫినాయిలు గుప్పుమన్నాయి, అదీ గుర్తుంది, పద్దెనిమిదేళ్ళుగా రోజూ ఈ కంపులో కూర్చునే ముక్కుకి ఆ వాసన ఎంత హాయిగా తగిలిందో, క్యాంపులో ఒక్కరైనా చెబితే వింటారన్నమాట అని ఎంత మురిసిందో, చుక్క పడితే చాలు అమీబా చస్తుందని తెలిసి కూడా మురిసింది, ఫోను ఇంకా చేతిలోనే ఉంది, డాక్టరు అడిగింది చెవిలోనే ఉంది, సురేశ్‌ని అనడానికి లేదు, నరేంద్రని అనడానికి లేదు, జోగమ్మ బెరుకుగా భాగ్యరేఖ చెయ్యి పట్టుకుని ఏటైందమ్మా, మళ్ళీ కంపొచ్చిందా అంది, లేదత్తా అని ఆ చెయ్యి వదలకుండా పక్కన కూర్చుండిపోయింది భాగ్యరేఖ, ఆ మూడు రిపోర్టులూ కౌంటరు దగ్గర తను ముక్కు చిట్లించిన రోజునే తయారైపోయాయి.