ఎవరూ ఆశ్చర్యపోని ఇల్లు

కథల టీచర్ అన్నది పిల్లలు పెట్టిన పేరు. ఆవిడ వ్యాకరణం కూడా చెప్పాలి. కానీ సంధులు చెప్పే రోజు క్లాసంతా ఆవులిస్తుంది, కథ చెప్పే రోజు చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. దాంతో ఆవిడ మనసూ కథలవైపే లాగేది. పిల్లల నవలల్లో మాంత్రిక వాస్తవికత అని పరిశోధన కూడా ఒకటి మొదలుపెట్టింది కానీ, అది నత్తనడకన సాగుతోంది.

ఆ ఏడాది ఆరో తరగతికి కొత్తగా వచ్చిన నవల ఒకటి ఎంచుకుంది. అందులో ఒక ఇల్లు ఊపిరి పీలుస్తుంది. గోడలు ఉబ్బుతాయి, మళ్ళీ తగ్గుతాయి. ఇంట్లో ముసలావిడ తలుపులతో కబుర్లాడుతుంది. ఆవిడ కొడుకు బయట ఎక్కడో ఉండగానే అతని నీడ ముందొచ్చి కుర్చీలో కూర్చుంటుంది. మనవరాలికి మాత్రం ఇవన్నీ చూస్తే గుండెల్లో రాయి పడ్డట్టుంటుంది.

"మాయ ఉన్న కథలన్నీ ఒకటే కాదు. రాక్షసుడు రాగానే అందరూ పరిగెత్తే కథ వేరు" అని చెప్పింది టీచర్. "ఇక్కడ వింత జరుగుతుంది, అయినా ఎవరూ ఆశ్చర్యపోరు. వంట చేసుకున్నట్టు, బట్టలు ఆరేసుకున్నట్టు దాన్నీ రోజువారీ పనుల్లో కలిపేసుకుంటారు. ఇప్పుడు చెప్పండి, ఈ అధ్యాయంలో నిజంగా జరిగేవి ఏవి, జరగనివి ఏవి?"

ముసలావిడ దగ్గు నిజం, నీడ అబద్ధం అన్నారు పిల్లలు. తలుపులతో మాట్లాడటం నిజమే, మా మేనత్త ఫ్రిజ్‌ని తిడుతుంది అన్నాడొకడు. అందరూ నవ్వారు.

"గోడ ఊపిరి పీల్చడం నిజం టీచర్" అంది కిటికీ పక్కన కూర్చున్న గువ్వ.

ఇంట్లో పిలిచే ఆ పేరే బళ్ళోనూ అతుక్కుపోయింది ఆ పిల్లకి. వాళ్ళ నాన్నది ఫొటోలకి ఫ్రేములు కట్టే షాపు. షాపు పైనే ఇల్లు. తల్లి పోయి రెండేళ్ళు. క్లాసులో నోరు విప్పితే అదే పెద్ద విశేషం.

"నిజం ఎలా అవుతుందమ్మా?"

"మా ఇంట్లో గోడా అంతే. పొద్దున ఉబ్బుతుంది, సాయంత్రానికి కొంచెం తగ్గుతుంది. మొత్తం తగ్గదు."

పిల్లలు కిసుక్కుమన్నారు. టీచర్‌కి మాత్రం ఒళ్ళు పులకరించింది. చేతివేళ్ళతో బల్ల మీద తట్టి నవ్వులు ఆపి, "చూశారా, గువ్వ కథలోకి ఎలా వెళ్ళిపోయిందో. చదవడం అంటే అదీ" అంది. గువ్వ ఇంకేదో చెప్పబోయి, మెచ్చుకోలు వినేసరికి నోరు మూసుకుంది.

ఆ తర్వాత నుంచి టీచరే అడగడం మొదలుపెట్టింది. "మీ గోడ ఎలా ఉంది గువ్వా?" అని. గువ్వ ఉన్నదున్నట్టు చెప్పేది. గోడ నోరు తెరిచింది టీచర్. పడకగది తలుపు మూసుకోవట్లేదు, కింద రాసుకుంటోంది. గోలీ నేల మీద పెడితే ఎవరూ తోయకుండానే వీధివైపు దొర్లుతోంది. రాత్రి గోడలోంచి ఎవరో పళ్ళు నూరినట్టు చప్పుడొస్తోంది.

స్టాఫ్ రూములో ఈ మాటలన్నీ చెప్పి, "తల్లి పోయిన దుఃఖం పిల్ల నోట ఎంత చక్కగా వస్తోందో చూడండి. ఇల్లు నోరు తెరవడం అంటే ఏమిటనుకున్నారు?" అంది టీచర్.

లెక్కల మాస్టారు పేపర్లు దిద్దుతూ తలెత్తలేదు. "గోలీ దొర్లడం అంటే నేల వాలుగా ఉండటం అనుకున్నాను" అన్నాడు.

"మీకు అన్నీ లెక్కలే."

"అవునమ్మా, జీతం అందుకే ఇస్తున్నారు."

ఆవిడ నవ్వేసింది కానీ ఆ మాట చెప్పులో ఇసుకరేణువులా ఉండిపోయింది. దులుపుదామంటే దొరకదు, నడుస్తుంటే గుచ్చుతుంది.

నవల సగం దాటాక పాత్రల గురించి మాట్లాడుకున్నారు. ఆ ముసలావిడ మంచిదా చెడ్డదా, కొడుకుకి భయం లేదా, అని. గువ్వ చెయ్యెత్తింది.

"వాళ్ళు ఇల్లు వదిలి ఎందుకు పోరు టీచర్?"

"వాళ్ళకది వింతగా అనిపించదు కాబట్టి. చెప్పుకున్నాంగా, ఇలాంటి కథల్లో ఎవరూ ఆశ్చర్యపోరు."

గువ్వ ఎత్తిన చెయ్యి దించలేదు. "ఆశ్చర్యపోకపోతే ఎవరూ ఏమీ చెయ్యరు కదా" అంది.

 బెల్లు కొట్టారు. పిల్లలు బిలబిలా లేచిపోయారు. గువ్వ పుస్తకాలు సర్దుకోవడానికి తల వంచింది. అప్పుడు చూసింది టీచర్. ఆ పిల్ల పాపిట నిండా తెల్లటి పొడి. సుద్దపొడేమోనని చేత్తో దులిపింది. సుద్ద కాదు. వేళ్ళ మధ్య నలిపితే గరగరలాడింది. ఇసుక, సున్నం.

"ఇదేమిటే?"

"పడుకున్నప్పుడు రాలుతుంది టీచర్. నాన్నమ్మ పొద్దున్నే దులుపుతుంది కానీ, ఇవాళ ఎక్కువ రాలింది."

 ఇన్నాళ్ళూ ఆ పిల్ల కథ చెప్పడం లేదు. ఇంటి సంగతి చెప్తోంది. బడి వదలగానే టీచర్ గువ్వ చెయ్యి పట్టుకుని వాళ్ళ వీధికి నడిచింది.

వీధి ఇరుకు. గువ్వ వాళ్ళ భవనం మూడంతస్తులది. దాన్ని ఆనుకునే రేకులు అడ్డంపెట్టి పెద్ద గొయ్యి తవ్వుతున్నారు. కార్లు పెట్టుకోవడానికి నేల కింద అంతస్తు కడతారట. రేకుల సందులోంచి తొంగిచూస్తే అడుగున బురదనీళ్ళు, మట్టి ఎత్తిపోసే యంత్రం కనిపించాయి. గువ్వ వాళ్ళ భవనం పునాది రాళ్ళు, ఎన్నడూ వెలుగు చూడనివి, పక్కనుంచి చిగుళ్ళు లేని పళ్ళలా బయటపడి ఉన్నాయి.

కింద షాపులో గువ్వ నాన్న చెక్కపట్టీ కోస్తున్నాడు. గోడ పక్కన గాజుపలకలు దొంతరగా నిలబెట్టి ఉన్నాయి. పక్కన యంత్రం కదిలినప్పుడల్లా పలకలన్నీ కలిసి సన్నగా గుయ్యిమంటున్నాయి. అతను తల కూడా తిప్పడం లేదు.

"రండి టీచర్, కూర్చోండి. అల్లరేమైనా చేసిందా?"

"లేదండీ. మీ ఇల్లొకసారి చూద్దామని."

అతను రంపం ఆపాడు. మొహం కొంచెం మాడింది. "గోడ గురించి చెప్పిందా? పక్కన పని జరిగేటప్పుడు ఏ ఇంటికైనా గీతలు పడతాయండీ. కట్టేవాళ్ళు మాటిచ్చారు, పని కాగానే పూత పూయిస్తామని."

పైకి తీసుకెళ్ళాడు. మెట్లు ఒకవైపు వాలాయి. తెలియకుండానే ఆవిడ చెయ్యి రెయిలింగు వెతుక్కుంది.

గదిలో మంచం పక్క గోడకి పైనుంచి కిందదాకా నెర్రె విచ్చి ఉంది. దాని మీద అక్కడక్కడ సన్నటి గాజుముక్కలు అడ్డంగా అంటించి ఉన్నాయి, అన్నీ నడిమికి విరిగి. ముసలావిడ, గువ్వ నాన్నమ్మ, మంచం మీద కూర్చుని తల దువ్వుకుంటోంది. దువ్వుకోవడం అయ్యాక దువ్వెన తీసుకెళ్ళి ఆ నెర్రెలో పెట్టింది. పక్కనే కళ్ళజోడు, మందుసీసా, చిన్న అద్దం.

"కూర్చో తల్లీ" అంది ముసలావిడ. "మొదట్లో దువ్వెన ఒక్కటే పట్టేది. ఇప్పుడు అద్దం కూడా పడుతోంది. బీరువా మీదకి చెయ్యెత్తే బాధ తప్పింది."

 కథలోని ముసలావిడ ఇలా మాట్లాడితే అది ఆ పాత్ర అందం అని క్లాసులో చెప్పి ఉండేది టీచర్. ఇక్కడ ఆ నెర్రెలోంచి చల్లటి గాలి, బురద వాసన వస్తున్నాయి.

"ఈ గాజుముక్కలు ఎవరు పెట్టారు?"

"నేనే" అన్నాడు గువ్వ నాన్న. "గోడ కదిలితే ముక్క విరుగుతుంది. మొదట వారానికొకటి విరిగేది."

"ఇప్పుడు?"

అతను విరిగిన ముక్క ఒకటి పీకి జేబులో వేసుకున్నాడు. గువ్వ చెప్పింది. "పొద్దున అంటించింది మధ్యాహ్నానికి విరిగింది."

"నువ్వుండవే" అన్నాడు నాన్న. కోపంగా కాదు, అలసటగా. "ఎక్కడికి పొమ్మంటారు టీచర్? షాపు కిందే ఉంది. చెయ్యి తిరిగిన పని, తెలిసిన మనుషులు. గోడకి గీత పడిందని సంసారం నెత్తిన పెట్టుకుని తిరుగుతామా?"

ఆ సమయంలో పక్కన యంత్రం కదిలింది. గోడలో పళ్ళు నూరిన చప్పుడు. నెర్రెలోని అద్దం మెల్లగా లోపలికి జారి, కిందెక్కడో పడి పగిలింది. పడ్డ చప్పుడు రావడానికి చాలాసేపు పట్టింది.

"అయ్యో, అద్దం పోయింది" అంది ముసలావిడ, చెంచా పోయినట్టు.

టీచర్ గుమ్మంవైపు జరిగింది. పెద్దమనిషిలా నచ్చజెప్పాలనుకున్న మాటలన్నీ వదిలేసింది. "నాకు భయంగా ఉందండీ" అంది. "చాలా భయంగా ఉంది. ఈ గదిలో ఇంకో నిమిషం నిలబడలేను. మీకు భయం వెయ్యకపోవడం చూస్తే ఇంకా భయమేస్తోంది. మా ఇంటికి రండి. గోడకేం కాకపోతే నన్ను తిట్టుకుంటూ తిరిగొద్దురు గాని."

గువ్వ తన తండ్రి మొహంలోకి చూసింది. ఆ చూపుని అతను తట్టుకోలేకపోయాడు. "అమ్మా, లే" అన్నాడు.

మూడో అంతస్తులో ఉండే కండక్టర్ తాత బస్సుల్లో ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, ఒంటరివాడు. తలుపు తడితే తువ్వాలు భుజాన వేసుకుని కిందికి దిగాడు. వీధిలో అందరూ నిలబడి భవనాన్ని చూశారు. అది నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి ఉంది. చూసి చూసి తాత నవ్వాడు. "పంతులమ్మగారు ఆపమన్నారని బస్సు ఆపాను, ఎక్కేవాడూ లేడు దిగేవాడూ లేడు. రైట్ రైట్" అంటూ మళ్ళీ మెట్లెక్కిపోయాడు. మీరైనా ఆగండి అంటే, "పక్క మారితే నాకు నిద్రపట్టదమ్మా" అన్నాడు మెట్ల మీంచే.

గువ్వ, నాన్నమ్మ, నాన్న ఆ రాత్రి టీచర్ ఇంట్లో పడుకున్నారు. తెల్లవారినా ఏమీ జరగలేదు. గువ్వ నాన్న మొహమాటంగా నవ్వి, ముసలావిడని అక్కడే ఉంచి, షాపుకి వెళ్ళాడు. పోతూ పోతూ, "గాజు మాత్రం ఎదురుగా ఉన్న గోడౌనులోకి మార్చేస్తాను, మీరింత చెప్పారు కాబట్టి" అన్నాడు.

మూడో పీరియడ్‌లో చప్పుడు వినిపించింది. ఉరుము కాదు. ఎవరో చాలాసేపు బిగబట్టిన ఊపిరి ఒక్కసారిగా వదిలినట్టుంది. బల్లల మీద పెన్సిళ్ళు దొర్లాయి. క్లాసులో అందరూ కిటికీవైపు పరిగెత్తారు, గువ్వ తప్ప. ఆ పిల్ల రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని, తలెత్తకుండా, "నాన్న" అంది.

టీచర్, గువ్వ వెళ్ళేసరికి వీధంతా తెల్లటి దుమ్ము. మనుషులు బూడిద పూసుకున్నట్టున్నారు. భవనం ఉన్నచోట ఆకాశం ఉంది. గువ్వ నాన్న వీధి మధ్యలో రెండు చేతులతో గాజుపలక పట్టుకుని నిలబడి ఉన్నాడు. దాన్ని అవతలికి దాటిస్తుండగా వెనక జరిగిందట. పలక చెక్కుచెదరలేదు. దాన్ని కింద పెట్టమని ఎంతమంది చెప్పినా వినిపించుకోవడం లేదు. గువ్వ వెళ్ళి చొక్కా పట్టుకుని లాగితే అప్పుడు వంగి, గోడకి ఆనించి, ఆ పిల్లని ఎత్తుకున్నాడు. ఏడవలేదు. దవడ మాత్రం గడగడా కొట్టుకుంటోంది.

కండక్టర్ తాత శవాన్ని సాయంత్రానికి బయటికి తీశారు.

గువ్వ వాళ్ళకి ఊరి అవతల గది దొరికింది. నాన్న గోడౌనులోనే పని మొదలుపెట్టాడు. గొయ్యి తవ్వినవాళ్ళ మీద కేసు నడుస్తోంది, నడుస్తూనే ఉంది. గువ్వ పదిహేను రోజులకి బడికొచ్చింది. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేది కాదు. టీచర్ ఇక పరిశోధన జోలికి పోలేదు. లెక్కల మాస్టారు ఒకరోజు టీ కప్పు తెచ్చి ఆవిడ ముందు పెట్టి, ఏమీ అనకుండా పక్కన కూర్చుని పేపర్లు దిద్దుకున్నాడు. ఆవిడకి అదే మేలనిపించింది.

నవల మిగిలిపోయింది. చదవక్కర్లేదులే అనుకుంది టీచర్. పిల్లలే పట్టుబట్టారు, చివరికి ఏమవుతుందో తెలియాలని. గువ్వ వైపు చూసింది. చదవండి అన్నట్టు తలూపింది గువ్వ.

ఆఖరి అధ్యాయం ముందు టీచర్ సుద్దముక్క తీసుకోలేదు, బోర్డు దగ్గరికి వెళ్ళలేదు. కుర్చీ పిల్లల మధ్యకి లాక్కుని కూర్చుని, "ఈ కథలో ఏదైనా మీకు తెలిసినట్టు అనిపించిందా?" అని అడిగింది.

 వెనక బెంచీలో ఎప్పుడూ ఇంటిపని చెయ్యకుండా వచ్చే పిల్ల ఒకతి మెల్లగా లేచింది. పొట్టి జడలు, చేతుల మీదకి లాక్కున్న చొక్కా.

"మా అక్క కనబడకుండా పోతోంది టీచర్" అంది. "రోజూ కొంచెం కొంచెం. మొదట గొంతు పోయింది. తర్వాత నడిచే చప్పుడు పోయింది. ఇప్పుడు తలుపు కింద వేళ్ళు మాత్రం కనిపిస్తాయి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. గువ్వ వెనక్కి తిరిగి ఆ పిల్లనే చూస్తోంది.

టీచర్ పుస్తకం మూసేసింది. తొందరపడకుండా అడిగింది. "ఏ తలుపమ్మా?"

"లోపలి గది."

"గడియ ఎటువైపు ఉంది?"

"మా వైపు" అంది ఆ పిల్ల. "తాళం బాబాయి దగ్గరుంటుంది."

కథల టీచర్ లేచి, క్లాసుని గువ్వకి అప్పగించి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని హెడ్మాస్టరు గదివైపు నడిచింది. ఆ చెయ్యి మంచుముక్కలా ఉంది. వరండా పొడుగునా ఆ పిల్ల ఒకటే అడుగుతోంది, నేను చెప్పానని బాబాయికి చెప్పరు కదా టీచర్, చెప్పరు కదా, అని.