గ్రహం మీద గోడలు

సంధ్యారాణి పక్కన కూర్చుని సినిమా చూడటమంటే కాలేజీలో అందరికీ హడలు. గోదావరిఖనిలో జూనియర్ కాలేజీ పిల్లలకు ఆమె ఫిజిక్స్ చెబుతుంది. తెర మీద అంతరిక్ష నౌక పేలి హాలంతా దద్దరిల్లుతుంటే, "గాలి లేని జాగల చప్పుడెట్ల వస్తది?" అని ముందు వరసకు కూడా వినబడేట్టు అడుగుతుంది. విలన్ బటన్ నొక్కకుండా ఉపన్యాసం మొదలుపెడితే, "వీడు ఇంతసేపు ఎందుకు ఆగుతున్నడు? ఏదో ఉన్నది" అంటుంది. తీరా చూస్తే ఏమీ ఉండదు. హీరో తప్పించుకోవాలి కనుక ఆగాడు, అంతే. ఆ 'అంతే' అనేదే ఆమెకు గొంతు దిగదు. కారణం లేకుండా ఎవరూ ఏ పనీ చెయ్యరని ఆమె నమ్మకం.

రాష్ట్రం కోసం ధర్నాలు జోరుగా సాగుతున్న రోజుల్లో, ఒకనాడు స్టాఫ్‌రూంకి జశ్వంత్ అనే అతను వచ్చాడు. ముప్పై దాటిన మనిషి, నుదుటి మీద జుట్టు పలచబడింది, మాట కోస్తా మాట. ఓ పెద్ద సినిమాకు అసిస్టెంట్ డైరెక్టరునని చెప్పుకున్నాడు.

"ఓపెన్‌కాస్టు బొగ్గుగని పక్కన మట్టిగుట్టలున్నాయి కదా మేడమ్, అక్కడే మా షూటింగు. అచ్చం వేరే గ్రహంలా ఉంటాయి. డైలాగుల్లో సైన్సు మాటల్లో తప్పు దొర్లకుండా మీరొకసారి చూసిపెట్టాలి."

కథ చెప్పమంది సంధ్యారాణి. భూమ్మీద నీళ్ళు అడుగంటి, హీరో బృందం నీళ్ళు వెతుక్కుంటూ గాలి లేని ఓ గ్రహం మీద దిగుతుంది. దిగగానే హీరో హెల్మెట్ తీసి పాట పాడతాడు.

"గాలి లేదంటివి గదా. మరి హెల్మెట్ ఎట్ల తీసిండు?"

"అది... పాట కదా మేడమ్."

"ఆ గ్రహం మీద మంచుకొండలున్నయంటివి. మంచు కరిగిస్తే నీళ్ళే గద. ఇంకా వెతుకుడెందుకు?"

జశ్వంత్ జేబురుమాలుతో మొహం తుడుచుకున్నాడు. "చూడ్డానికి మాత్రం అద్భుతంగా ఉంటుంది మేడమ్. తెర మీద చూస్తే మీరే ఒప్పుకుంటారు."

అతను వెళ్ళిపోయాక సంధ్యారాణికి ఒక్క పాఠమూ సరిగా సాగలేదు. ఇంత ఖర్చు పెట్టేవాళ్ళు కథను ఇంత అడ్డదిడ్డంగా వదిలేస్తారా? కథ మీద శ్రద్ధ లేదంటే, శ్రద్ధ ఇంకెక్కడో ఉన్నట్టే.

సాయంత్రం కాలనీకి చేరి ఈ మాటే తండ్రి గట్టయ్యతో అంది. గట్టయ్య బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. ఓపెన్‌కాస్టు కింద ఊరు పోయినప్పుడు అందరితో పాటు ఈ కాలనీకి వచ్చి ఇల్లు కట్టుకున్నాడు. పాత ఊళ్ళో సగం మట్టిగుట్టల కిందికి పోయింది. మిగతా సగంలో కప్పుల్లేని మొండిగోడలు ఇంకా నిలబడి ఉన్నాయి.

"సినిమా అయితే గుట్టల మీద తీసుకోవాలె," అన్నాడు గట్టయ్య చాయ్ గ్లాసు కింద పెడుతూ. "పాతూళ్ళె ఏం పని వాళ్ళకు?"

"పాతూళ్ళె తిరుగుతున్నరా?"

వాకిట్లో మేకల్ని కట్టేస్తున్న పక్కింటి పోశవ్వ అందుకుంది. "తిరుగుడు గాదు బిడ్డా, కొలుస్తున్నరు. నేను మేకలు తోలుకపోయి నా కండ్లతోని చూసిన. మూడు కాళ్ళ మిషిని పెట్టి గోడగోడా కొలుస్తున్నరు. మేకులు గూడ దిగ్గొట్టిన్రు."

ఆ మాటతో గట్టయ్య ముఖం మారిపోయింది. మొదటిసారి ఊరు పోయినప్పుడు కూడా ముందు వచ్చింది మూడు కాళ్ళ మిషినే. ఊరికే కొలుస్తున్నం, ఫికర్ చెయ్యకున్రి అన్నారు అప్పుడు. ఆ తర్వాత ఊరు ఖాళీ చెయ్యమని నోటీసులొచ్చాయి.

"కథ నిలబడ్తలేదంటివి గద బిడ్డా," అన్నాడు గట్టయ్య మెల్లగా. "అది కథే గాదేమో."

సంధ్యారాణి కాదనలేదు. ఆమె లెక్క కూడా అక్కడికే వచ్చి ఆగింది. గని పాత ఊరు దాటితే తర్వాత ఉన్నది కాలనీయే. చీకటి పడకముందే ఆ మాట గడపగడపకూ పాకింది. మర్నాడు కాలేజీకి సెలవు పెట్టింది.

కాలనీవాళ్ళతో కలిసి ఆమె పాత ఊరికి వెళ్ళేసరికి జశ్వంత్ మొండిగోడల మధ్య మిషినులోకి కన్నేసి చూస్తున్నాడు. ఆమెకు చిన్నాయన వరసయ్యే సదయ్య ముందుకు పోయి మిషిను కాలు గట్టిగా పట్టుకున్నాడు.

"ఎవల్రా మీరు? నిజం చెప్పు. ఎవలు పంపిన్రు?"

"సినిమావాళ్ళమండీ! మేడమ్, మీరైనా చెప్పండి!"

సంధ్యారాణి చేతులు కట్టుకుని నిలబడింది. "నేను చెప్పుడు గాదు, నువ్వు చెప్పు. సినిమాకు గోడల కొలతలెందుకు?"

జశ్వంత్ గబగబా లాప్‌టాప్ తెరిచాడు. అందులో ఇదే మట్టిగుట్ట ఎర్రగా మండుతోంది. ఆకాశంలో రెండు చందమామలు. గోడల పక్కన గుడి గోపురమంత అంతరిక్ష నౌక. జనం ముందుకు తోసుకొచ్చారు. పోశవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఈ నౌకను కంప్యూటర్‌లో తర్వాత పెడతాం మేడమ్. గోడ ఎంత ఎత్తుందో కచ్చితంగా తెలియకపోతే నౌక దాని పక్కన ఆటబొమ్మలా తేలిపోతుంది. అందుకే కొలతలు. మేకులు కెమెరాకు గుర్తు కోసం."

అతను మొదటిసారి అతికిన జవాబు చెప్పాడు. అందుకే సంధ్యారాణికి అనుమానం ఇంకా పెరిగింది.

"గోడ కొలత మీద ఇంత పట్టింపు ఉన్నోళ్ళకు గాలి ఉన్నదా లేదా అన్న పట్టింపు లేదా?"

"కొలత తప్పితే తెర మీద తెలిసిపోతుంది మేడమ్," అన్నాడు జశ్వంత్ నీరసంగా. "గాలి ఎలాగూ ఎవరికీ కనబడదు. హెల్మెట్ తియ్యకపోతే హీరో మొహం కూడా కనబడదు. మొహం కనబడని హీరోని ఎవరు చూస్తారు చెప్పండి?"

కుట్ర ఉందనుకున్న చోట బద్ధకం ఒక్కటే ఉందంటే ఆమె మనసు ఒప్పుకోవడం లేదు. ఇంకో తప్పు దొరక్కపోతుందా అని బొమ్మలోకి వంగి చూసింది. రెండు చందమామల కింద ఒక గోడ. గోడలో దీపం గూడు. గూటి కింద నల్లగా మసి చార. అది వాళ్ళ పాత ఇల్లే. చిన్నప్పుడు ఆ గూటి కింద కూర్చునే ఎక్కాలు చదివింది.

"మీ గ్రహం మీద మనుషులున్నరా?" అని అడిగింది.

"లేరు మేడమ్. అదంతా నిర్మానుష్యం."

"మనుషులు లేకుంటే ఈ గోడలెవరు కట్టిన్రు?"

జశ్వంత్ గోడల్ని మొదటిసారి చూస్తున్నవాడిలా చూశాడు. అతని వెంట ఉన్న కెమెరాలవాళ్ళు కూడా చూశారు.

"అది... మేమెవరమూ ఆలోచించలేదు."

"ఆలోచించున్రి. గోడలున్నయంటే ఎవలో ఉన్నట్టే. వాళ్ళేమైన్రు? గా సంగతి చెప్పకుంటే నీ కథల గాలున్నా ఒకటే, లేకున్నా ఒకటే."

డైరెక్టరుకు చెబుతానన్నాడు జశ్వంత్. సదయ్య మిషిను కాలు వదిలాడు గాని అనుమానం వదల్లేదు. షూటింగు జరిగినన్నాళ్ళూ గొడుగేసుకుని గోడ మీద కూర్చుని కాపలా కాశాడు. ఆఖరి వ్యాను వెళ్ళిపోయాక మేకులన్నీ తవ్వి వాగులో పారేశాడు. ఆ తర్వాత కూడా చాలాకాలం కాలనీలోకి జీపు వస్తే చాలు, జనం పనులాపి బయటికొచ్చేవాళ్ళు. నోటీసు మాత్రం రాలేదు. వచ్చింది సినిమానే.

కాలనీ అంతా కదిలి గోదావరిఖనికి మ్యాట్నీకి పోయింది. నిజంగానే కళ్ళు చెదిరేలా ఉంది. ఎర్రని దుమ్ము సముద్రంలా లేచింది, నౌక చెవులు పగిలేట్టు దిగింది. సంధ్యారాణి ఆ రోజు పల్లెత్తు మాట అనలేదు. గోడలు ఎప్పుడొస్తాయా అని చూస్తోంది.

వచ్చాయి. హీరో హెల్మెట్ లేకుండా నడిచొచ్చి మసి చార మీద చెయ్యి వేశాడు. నౌకంత పెద్ద గొంతుతో అన్నాడు: "ఈ గ్రహవాసులు ఎన్నో యుగాల క్రితమే అంతరించిపోయారు!"

గట్టయ్య సీట్లోంచి లేచి నిలబడ్డాడు. "గదేంది! ఎవలు చెప్పిన్రు నీకు? ఈడనే ఉన్నం గద!"

హాలంతా ఒక్కసారి గొల్లుమంది. వెనక నుంచి ఈలలు. "ఉన్నం, ఉన్నం! కాలనీల ఉన్నం!" అని పోశవ్వ చెయ్యెత్తింది. సదయ్య సీటు మీదికెక్కి చప్పట్లు కొట్టాడు. నవ్వీ నవ్వీ సంధ్యారాణికి కళ్ళ నీళ్ళొచ్చాయి. తుడుచుకుంటుంటే అవి ఆగలేదు, నవ్వు మాత్రం ఎప్పుడో ఆగిపోయింది. తెర మీద హీరో వాళ్ళ గోడలను దాటుకుని ముందుకు పోయాడు.

ఇంటర్వెల్‌లో గట్టయ్య సోడా తాగుతూ అన్నాడు. "గా పిలగానికి ఫోన్ చెయ్యి బిడ్డా."

ఆమె చేసింది. అవతల జశ్వంత్ భయం భయంగానే ఎత్తాడు. "మేడమ్? బాగోలేదా?"

"బాగనే ఉన్నది. మా బాపు మాట్లాడుతడట," అని ఫోన్ తండ్రి చేతికిచ్చింది.

గట్టయ్య ఫోను చెవికి ఆనించుకుని, లోపల సినిమా మళ్ళీ మొదలైందని గంట కొడుతున్నా కదలకుండా, తన ఇంటికి ఎడమ పక్క ఎవరుండేవాళ్ళో, కుడి పక్క ఎవరుండేవాళ్ళో పేరు పేరునా చెప్పడం మొదలుపెట్టాడు.