టీచరుగారికి నచ్చే వ్యాసం

వెతూరియా టీచరుగారికి స్మరాండ ఫోనంటే ఒళ్ళుమంట. ఫోను మీద కాదులెండి, అందులోంచి మాట్లాడే దాని మీద. ఏది అడిగినా జవాబు చెప్పే ఆ ఏఐకి, ఆవిడ దగ్గర ప్రైవేటు చదువుకొచ్చే స్మరాండ ముద్దుగా మీషు అని పేరు పెట్టుకుంది. పేరు పెట్టడమేమిటి, అదేమన్నా పిల్లిపిల్లా! మెట్లెక్కి వస్తూ దానితో కిలకిలా నవ్వుతుంది ఆ పిల్ల. తలుపు తట్టేసరికి నవ్వు ఆగిపోతుంది. లోపలికొచ్చి "నమస్కారం టీచరుగారూ" అని, వీపు కర్రలా పెట్టుకుని కూచుంటుంది. ఆ నవ్వు మాత్రం మెట్ల మీదే ఉండిపోతుంది. అదీ ఆవిడ కడుపుమంట.

ఒకప్పుడు ఆ వంటింటి బల్ల చుట్టూ చోటుండేది కాదు. డాన్యూబ్ ఒడ్డున ఆ చిన్న పట్నంలో, ఎనిమిదో తరగతి పరీక్షకి వెతూరియా దగ్గర రుమేనియన్ చెప్పించుకోని పిల్లలే లేరు. కొందరు కుర్చీల్లో, కొందరు స్టవ్ పక్క స్టూలు మీద, ఇంకెవరో క్యాబేజీ ఊరేసిన పీపా మూత మీద కూడా కూచుని రాసుకునేవారు. ఆవిడ చెప్పడం, వాళ్ళు రాసుకుని బట్టీపట్టి అప్పచెప్పడం. అన్నీ అందమైన మాటలే, అందమైన వాక్యాలే. అప్పచెప్పడం అయ్యాక చిన్న పళ్ళెంలో ఒక చెంచాడు చెర్రీ మురబ్బా, గ్లాసుడు చల్లటి నీళ్ళూ పెట్టేది. మొగుడు పోయినా, బడి నుంచి రిటైరైనా ఆ బల్ల కళకళలాడుతూనే ఉండేది. ఈ ఏఐ వచ్చాక ఒక్కొక్కరే జారుకున్నారు. మిగిలింది స్మరాండ. ఆ పిల్ల కూడా మానేస్తే ఇంక ఆ వంటింట్లో మాట్లాడేది రేడియో ఒక్కటే.

ఆ మంగళవారం ఏదో వాక్యం చెబుతుంటే పిల్ల అడిగింది. "ఇంకోసారి చెబుతారా టీచరుగారూ?"

"ఇప్పుడే కదటే చెప్పాను? చెవులు ఇంట్లో పెట్టొచ్చావా?"

"సరేలెండి. మీషుని అడుగుతా."

"దాన్నెందుకు? నేనిక్కడ గుడ్లగూబలా కూచుని లేనూ?"

"మీషు విసుక్కోడు టీచరుగారూ," అంది స్మరాండ. పాపం, వెటకారం కాదు. ఉన్నమాట చెప్పింది.

"విసుక్కోడూ! దానికి మోకాళ్ళ నొప్పులా, బీపీయా, విసుక్కోవడానికి?" అని వెతూరియా మురబ్బా సీసా మూత గట్టిగా తిప్పి బిగించింది. చూద్దాం, ఎవరిది ఎంత గొప్పో అనుకుని వ్యాసం ఇచ్చింది. శరత్కాలంలో డాన్యూబ్. "నువ్వే రాయాలి. శుక్రవారానికి పట్రా."

శుక్రవారం పిల్ల తెచ్చింది. వెతూరియా కళ్ళద్దాలు పెట్టుకుంది. బంగారు ఆకుల దుప్పటి కప్పుకుని ముసలి డాన్యూబ్ కమ్మని నిద్రలోకి జారుకుంటోంది. ఆఖరి కొంగల బారు నీలాకాశపు నుదుటి మీద వీడ్కోలు రాస్తోంది... ఎక్కడా తప్పు లేదు. వెన్న రాసినట్టు నున్నగా ఉంది. పైగా ఎక్కడో విన్నట్టూ ఉంది. విన్నట్టు ఉండదు మరి? ఊరందరి దగ్గరా ఎత్తుకొచ్చి అతికిస్తుందట కదా అది! దొరికిపోయావే దొంగా, అనుకుంది ఆవిడ మనసులో. ఆ అనుకున్నది పిల్లని కాదు, మీషుని. నెలల తరబడి ఆవిడకి అంత సంతోషం కలిగింది లేదు.

ఎర్ర పెన్నుతో పదికి నాలుగు మార్కులు వేసింది.

"ఇది నీ రాత కాదు. ఆ మీషు రాసిచ్చాడు."

స్మరాండ చెవులు కందిపోయాయి. "కాదు టీచరుగారూ."

"ముప్ఫై ఏళ్ళు పిల్లల్ని చూశానే నేను. ఇందులో మనిషి ఊపిరి లేదు. నాకు తెలీదూ?"

"కాదన్నానా! కావాలంటే మా అమ్మనడగండి," అని పిల్ల సంచీ భుజానేసుకుంది. పళ్ళెంలో మురబ్బా ముట్టలేదు. నీళ్ళూ తాగలేదు. "ఇంక నేను రానులెండి," అన్న మాట మెట్ల మీంచి వినబడింది.

వెతూరియా ఆ మురబ్బా తనే తినేసింది, కోపంతో.

మర్నాడు పొద్దున్నే కోటు వేసుకుని, ఆ కాగితం పట్టుకుని మందుల షాపుకి బయల్దేరింది. స్మరాండ తల్లి ఒతిలియా అక్కడ ఫార్మసిస్టు. శనివారం కదా, జనం తలుపు దాకా ఉన్నారు. పోస్టు పంచే అనేతా ఉంది, చంకలో పిల్లిపిల్లతో పశువుల డాక్టరున్నాడు, ఇంకా ఎవరెవరో. అందరూ ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళే, అందరూ జరిగి దారిచ్చారు.

"దండాలు టీచరుగారూ! బీపీ బిళ్ళలా?" అంది ఒతిలియా.

"బిళ్ళల సంగతి తర్వాత. నీ కూతురి ఫోను ఏం రాసిపెట్టిందో విను," అని వెతూరియా నలుగురికీ వినబడేలా మొదలెట్టింది. "బంగారు ఆకుల దుప్పటి కప్పుకుని ముసలి డాన్యూబ్..."

"...కమ్మని నిద్రలోకి జారుకుంటోంది," అంది ఒతిలియా, చేతిలో దగ్గుమందు సీసాకి చీటీ అంటిస్తూనే, తలెత్తకుండా.

"ఆఖరి కొంగల బారు," అంది అనేతా వెనకనుంచి.

"నీలాకాశపు నుదుటి మీద!" అన్నాడు డాక్టరు. ఇంక చూస్కోండి, షాపు షాపంతా ఒకటే పాట అందుకుంది. తలుపు దగ్గర మెకానిక్కు కూడా. వీడ్కోలు రాస్తోంది అనగానే అందరూ ఒక్కసారే ఊపిరి తీసుకున్నారు. అక్కడ ఊపిరి తీసుకోవాలని నేర్పింది ఎవరు? పిల్లిపిల్ల బెదిరి డాక్టరు కోటులో దూరింది.

"చచ్చినా మర్చిపోం టీచరుగారూ! ఒక్క మాట తప్పితే చెవి మెలేసేవారు కాదూ మీరు?" అని అనేతా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. వాళ్ళందరూ ప్రేమగానే నవ్వారు. ఆ ప్రేమే ఆవిడని మరీ కాల్చింది. మనిషి ఊపిరి లేదన్న వాక్యాలు ఎవరివనుకున్నారు? ఆవిడవే. క్యాబేజీ పీపా పక్కన నిలబడి, ఒక తరం మొత్తానికి ఆవిడే చెప్పి రాయించినవి.

ఒతిలియా కౌంటరు చుట్టూ తిరిగి వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది. గొంతు తగ్గించింది. "మొన్న నేను వంట చేస్తుంటే అడిగిందండీ, టీచరుగారికి ఎలాంటి వ్యాసం నచ్చుతుందమ్మా అని. నాకొచ్చింది ఇదొక్కటే, చెప్పాను. తనది ఇంకోటి రాసుకుందిలెండి. మీకు చూపించాలంటే భయమట."

"భయమా? మరి ఆ మీషుకి చూపించిందా?"

ఒతిలియా ఆవిడ చెయ్యి వదిలి బీపీ బిళ్ళల కోసం అరకేసి తిరిగింది. చూపించిందన్నమాట.

స్మరాండ రేవు దగ్గర ఉందని ఒతిలియా చెబితే వెతూరియా అటు నడిచింది. ఆ ఏడు వానల్లేక నది సన్నబడిపోయి, మధ్యలో ఇసుక దిబ్బలు లేచాయి. ఒక సరుకు పడవ దిబ్బకి ఆనుకుని కదలకుండా ఉంది. పిల్ల బెంచీ మీద కూచుని, ఒళ్ళో ఫోను పెట్టుకుని, కాగితం చూసి చదువుతోంది. వెతూరియా వెనక ఆగింది.

"...అందరూ నది నిండుగా ఉంటే బాగుంటుందంటారు. నాకు ఎండిపోతేనే ఇష్టం. నీళ్ళు తగ్గితే పడవలు నడవవు. పడవలు నడవకపోతే నాన్న ఇంట్లో ఉంటాడు."

"నాన్న ఇంట్లో ఉన్నప్పుడు నీకు ముందుగా ఏది తెలుస్తుంది?" అని అడిగింది ఫోనులో గొంతు. నెమ్మదిగా, తొందర లేకుండా.

"వాసన. హాల్లో డీజిలు వాసన."

వెతూరియాకి గుండెలో ఎవరో గిల్లినట్టయింది. మూడేళ్ళుగా తన బల్ల దగ్గర కూచున్న పిల్ల. వాళ్ళ నాన్న పడవల మీద పనిచేస్తాడని తెలుసు. కానీ ఈ మాట తనకి తెలీదు. దానికి తెలుసు! ఎందుకంటే అది అడిగింది. ఏళ్ళ తరబడి ఇంతమంది పిల్లల్ని వెతూరియా ఎన్నో అడిగింది, కర్త ఎక్కడ, క్రియ ఎక్కడ అని. నీకు ఏది తెలుస్తుందీ అని మాత్రం ఒక్కరినీ అడిగిన పాపాన పోలేదు.

"జరుగు," అంది, బెంచీ చుట్టూ వచ్చి.

పిల్ల ఉలిక్కిపడి కాగితం వెనక్కి దాచింది. "మా అమ్మనడిగారా?"

"అడిగాను. ఊరంతా చెప్పింది." కోటు జేబులోంచి ఆ వ్యాసం తీసింది. నాలుగు అని ఉన్న చోట పెన్ను పెట్టి కొట్టేసింది. "ఈ మార్కులు నాకు పడాల్సినవి, నీకు కాదు."

స్మరాండకి నవ్వు రాబోయి ఆగింది. మెట్ల మీద నవ్వు కాదు గానీ, దాని చెల్లెలు.

"రెండోది చదవ్వే."

"మీకు నచ్చదు. అందమైన మాటలేం లేవు."

"నాకు నచ్చేది ఏమిటో నాకే తెలిసేడవలేదు. చదువు. తర్వాత నాన్న వస్తే... ఏం చేస్తాడు? ముందు ఏం చేస్తాడు?" ఆ ప్రశ్న ఆవిడ నోట్లోంచి కొత్త చెప్పుల్లా కిర్రుమంటూ వచ్చింది.

పిల్ల ఆవిడ వంక చూసింది. ఒళ్ళో ఫోను ఇంకా వెలుగుతోంది. అందులో మళ్ళీ ఏదో గొంతు మొదలవబోయింది.

"మీషూ, నువ్వాగు," అంది స్మరాండ. "టీచరుగారు అడుగుతున్నారు."

ఆగమన్నది దాన్ని! తనని కాదు! ఇంత వయసొచ్చాక ఇలాంటిదానికి మనిషి ఇంత పొంగిపోవచ్చా అంటే, పొంగిపోయింది, దాచుకోనూ లేదు. బెంచీ మీద ఇంకాస్త వెడల్పుగా కూచుంది, ఫోనుకి చోటు లేకుండా.

పిల్ల చదవడం మొదలెట్టింది. రెండో వాక్యంలోనే ఒక క్రియ తప్పు. వెతూరియా నాలుక కొస దాకా వచ్చింది దిద్దుబాటు. ఆ మీషు కూడా దిద్దకుండానే ఆగి ఉంటాడు. ఆగడం దానికేం కష్టం, నోరు దురద పెట్టదుగా. ఆవిడకి పెడుతుంది. చెంప లోపలి వైపు పళ్ళతో నొక్కిపట్టి, ఇసుకలో దిగబడిన ఆ పడవకేసి చూస్తూ, వింటోంది.