పదిహేడు పేర్లు

మా యూనివర్సిటీలో గోడకెక్కని మాట నిజం కాదు. మార్కులైనా, హాస్టల్ గదులైనా నోటీసు బోర్డు మీద కనిపించాలి. అక్కడ పేరు లేకపోతే మనిషి ఎదురుగా నిలబడ్డా లేనట్టే. ఇరవై రెండేళ్లుగా ఆ కాగితాలు టైపు చేసి అంటించేది నేనే.

మా చెల్లెలు చనిపోయాక దాని కొడుకు నోసఖారే నా ఇంట్లోనే పెరిగాడు. మా యూనివర్సిటీలోనే రెండో ఏడాది చదువుతూ నల్లటోపీ విద్యార్థుల ముఠాలో చేరాడు. వాళ్లు వాడి చేతికి నాటు తుపాకీ ఇచ్చారు. ఆయుధాలు అప్పగిస్తే క్షమిస్తామని డీన్ ప్రకటించగానే నేను వాడి వెంటపడ్డాను.

"పేర్లు బయటికి రావని డీన్ గారే చెప్పార్రా."

"ముఠా వదిలినవాణ్ణి వాళ్లు బతకనివ్వరు. ఆయనకేం పెద్దమ్మా, కారుకి ముందో కాపలా జీపు, వెనకో జీపు. నాకు ముందూ వెనకా నువ్వే."

"నేను చాలనా?"

వాడు కర్రపెండలం గరీ ముద్ద పులుసులో ముంచుతూ నవ్వాడు. "నీ నోటికి ముఠాలన్నీ ఊరొదిలి పోతాయిలే. సరే, ఇచ్చేస్తా."

శుక్రవారం చర్చిలో మావాడితో కలిపి పదిహేడు మంది టోపీలు, తుపాకులు బల్ల మీద పెట్టారు. సోమవారం పరీక్షకు వస్తే గేటు కాపలావాళ్లు పాత అనుమానంతో వాళ్లను ఆపేశారు. లోపలికి వదలాల్సిన ఆ పదిహేడు మంది జాబితా గేటుకు పంపమని డీన్ నాకు చీటీ రాశాడు.

గేటుకు మాత్రమే పంపమన్నాడు. నా బుద్ధి గడ్డి తిని, బోర్డు మీద కూడా అంటించాను. వీళ్లు మారారని అందరూ నమ్మాలనుకున్నాను. మావాడి పేరు ముందు కంటపడాలని మొదటి వరసలో కొట్టాను.

మధ్యాహ్నం పరీక్ష రాసి వాడు నా ఆఫీసు కిటికీ దగ్గరికి వచ్చాడు.

"బోర్డు మీద అంటించింది నువ్వేనా?"

"నేనే. ఇక నిన్నెవరూ ఆపరు."

వాడు వెనక్కి తిరిగి గేటు వైపు చూశాడు. "మొదటి పేరు నాదే పెట్టావు పెద్దమ్మా."

"నా బిడ్డవి కదరా."

తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఊరొదిలి బెనిన్ బస్సెక్కుతున్నా. అన్నం వండకు," అని వెళ్లాడు.

బస్సు ఎక్కనివ్వలేదు. మోటారుసైకిల్ మీద ఇద్దరు వచ్చి స్టాండులోనే కాల్చారట.

కబురు వినగానే బోర్డు దగ్గరికి పరుగెత్తాను. మొదటి పేరు మీద ఎర్ర గీత ఉంది. జాబితా చింపేశాను. దాని పక్కనే, మిగిలిన పదహారు మందితో సహా ఎవరు ఏ గదిలో ఉంటారో చెప్పే హాస్టల్ కాగితం ఉంది. అదీ నేను అంటించిందే.