స్వార్థం మాస్టారు అడిగిన ఉదాహరణ

ఆ రోజుల్లో కాలేజీలో ఆ రెండు తరగతుల మధ్య ఉన్నది గోడ కాదు, ఒట్టి ప్లైవుడ్ చెక్క. అటువైపు ఆయన, ఇటువైపు ఆమె. ఇద్దరూ చెప్పేది నీతిశాస్త్రమే గానీ ఒకరి మాట ఒకరికి గిట్టేది కాదు. మనిషి ఏ పని చేసినా తన కోసమే చేసుకుంటాడని ఆయన వాదం. “స్వార్థం లేని పని ఒక్కటంటే ఒక్కటి చెప్పండ్రా!” అని ఏటా మొదటిరోజే పిల్లల్ని నిలదీసేవారు. తల్లి ప్రేమ అంటే ఒక మాటతో, రక్తదానం అంటే ఇంకో మాటతో తీసిపారేసేవారు. పిల్లలు ఆయనకు స్వార్థం మాస్టారని పేరు పెట్టేశారు. ఇవతల ఆమె ఊరుకునే రకమా? చాక్‌పీసు పక్కన పెట్టి, “అబద్ధం! నమ్మకండి!” అంటూ చెక్క మీద దబదబా బాదేది. రెండు క్లాసులూ గొల్లుమనేవి. ఆ తగువు వినడానికే లెక్కల క్లాసు ఎగ్గొట్టి వచ్చిన పిల్లలున్నారు. బెల్లు కొట్టాక స్టాఫ్ రూములో ఒకే ఫ్లాస్కులో టీ పంచుకుంటూ ఇద్దరూ మళ్లీ మొదలుపెట్టేవారు. ఎంత బంగారంలాంటి రోజులవి!

ఇద్దరూ రిటైరై తొమ్మిదేళ్లయింది. చెక్క తీసేసి సిమెంటు గోడ కట్టారట. ఎవరి పాఠం వాళ్లదే. తలుచుకుంటే ఆమెకు ప్రాణం ఉసూరుమంటుంది. మాస్టారికి చూపు పోయి రెండేళ్లు. అప్పటినుంచీ ఆమె రోజూ నాలుగింటికి బస్సెక్కి వచ్చి ఆయనకు ఒక గంట పుస్తకం చదివి పెడుతోంది.

ఆవేళ తలుపు తీసిన ఆయన కోడలు గొంతు తగ్గించి, “మూడింటికే ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నారండీ. పొద్దుట్నుంచీ అదోలా ఉన్నారు” అంది.

ఆమె కుర్చీలో కూర్చుందో లేదో మాస్టారు అందుకున్నారు.

“రేపట్నుంచి రాకండి మేడమ్. నామీద జాలిపడి ఎవరైనా వస్తే నాకు ఒళ్లు మండుతుంది.”

ఆమె పుస్తకం ఒళ్లో పెట్టుకుంది. “జాలా? నా స్వార్థం కోసమే వస్తున్నాను.”

“ఏమిటో అది?”

“మీ కోడలు ఇచ్చే టీ కోసం.”

“రోజూ సగం వదిలేస్తారు. గ్లాసు కింద పెట్టిన చప్పుడుకే తెలిసిపోతుంది.”

“డాక్టరు నడవమన్నాడు.”

“బస్సులో కూర్చుని నడుస్తారా? పైగా మూడంతస్తుల మెట్లు. గుమ్మంలో ఎంతసేపు ఆయాసపడుతున్నారో నాకు వినిపించదనుకోకండి. ఆ మోకాళ్లతో ఎన్నాళ్లు ఎక్కుతారు?”

ముప్పై ఏళ్లపాటు పిల్లల ఉదాహరణలన్నీ తీసిపారేసిన మనిషి ముందు ఈ సాకులు ఏ మూలకి? ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. ఇక దాచి లాభం లేదని ఉన్నమాట చెప్పేసింది.

“మాస్టారూ, మా ఇంట్లో నేనేమన్నా కాదనేవాళ్లు లేరు. మేనకోడలు ఫోన్లో ‘అలాగే అత్తా’ అంటుంది. పక్కింటివాళ్లు ‘నిజమేనండీ’ అంటారు. పెద్దదాన్ని కదా, అందరూ ఊకొడతారు. ‘మీరు చెప్పేది తప్పు’ అనే మనిషి ఈ లోకంలో నాకు మీరొక్కరే మిగిలారు. ఇదీ పోతే నా బుర్ర తుప్పు పడుతుంది. చాలా?”

మాస్టారు నవ్వలేదు. ముప్పై ఏళ్ల వాదం గెలిచినవాడిలా లేరు. తల వంచుకుని చొక్కా గుండీ తడుముకున్నారు. “అయితే స్వార్థమేనని ఒప్పుకున్నట్టేగా” అన్నారు, ఏదో అనాలి కాబట్టి.

ఆ మాటకు ఆమెలోని లెక్చరర్ చటుక్కున లేచింది.

“ఒప్పుకున్నాను. ఇప్పుడు మీ సంగతి చెప్పండి. మూడింటినుంచీ నాకోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. రోజు మొత్తం మీద మీకున్నది ఈ ఒక్క గంట. దాన్ని నా మోకాళ్ల కోసం వదులుకుంటానంటున్నారు. ఇందులో మీ స్వార్థమేమిటి?”

మాస్టారు నోరు తెరిచారు. మళ్లీ మూశారు. ఆయన మాటకు తడుముకోవడం ఇన్నేళ్లలో ఆమె ఎన్నడూ చూడలేదు. నిజానికి ఎగిరి గంతెయ్యాల్సిన సమయం. కానీ చూపులేని ఆ మొహం చూస్తుంటే ఆమెకు గెలిచానని చెప్పబుద్ధి కాలేదు. పుస్తకం తెరవకుండా జవాబు కోసం కూర్చుంది.

మాస్టారు కుర్చీలో నిటారుగా సర్దుకున్నారు.

“జవాబుంది. ఉండకేం? రేపు మీరు వచ్చాక చెప్తాను.”