డాక్టరు గారి మూడు ప్రశ్నలు

జ్ఞానానందం గారు డాక్టరు కాదు. ఒక మిషను ఆసుపత్రిలో ముప్ఫై రెండేళ్లు కాంపౌండరుగా చేసి రిటైరయ్యారు. రేపల్లెలో మా పేట మొత్తం ఆయన్ని డాక్టరు గారనే పిలుస్తుంది. ఆ మాటను ఆయన ఎన్నడూ దిద్దలేదు. అరుగు మీద కూర్చుని, ఎవరొచ్చినా మూడు ప్రశ్నలు అడుగుతారు. ఏం తిన్నావు, ఏం తాగావు, ఎవరి మందు వాడావు. మూడింటికీ నిజం చెప్పినవాడికి సగం జబ్బు అక్కడే తగ్గినట్టేనంటారు. సొంత వైద్యం చేసుకుని వచ్చినవాడికి మాత్రం మందు కంటే ముందు తిట్లు పడతాయి.

నేను కార్ల మెకానిక్కుని, పేరు బాలకృష్ణ. మూడేళ్ల క్రితం కడుపునొప్పితో నేనూ ఆ అరుగెక్కాను. రెండో ప్రశ్న దగ్గర అబద్ధమాడాను. ఆయనకి వాసన తెలిసింది. నా పక్కన మా ఆవిడ తులసి ఉండటం కూడా చూశారు. "గ్యాస్ట్రిక్ అమ్మా, కూరల్లో కారం తగ్గించు," అని పంపేశారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో చప్పిడి కూరలే. నేను తాగడం తగ్గించాను, మానలేదు. ఆ మేలు మరిచిపోలేదు కాబట్టే ఆయన కారు పెట్టే పేచీని తొమ్మిది నెలలుగా భరిస్తున్నాను.

ముప్ఫై ఏళ్లనాటి కార్బురేటరు బండి అది. పరుగెడుతున్నంతసేపూ మహా బుద్ధిగా ఉంటుంది. ఎక్కడైనా ఆక్సిలరేటరు మీద నుంచి కాలు తీస్తే చాలు, ఇంజను ఖాళీగా ఆడే ఐడ్లింగ్ నిలబడదు. రెండుసార్లు వణికి ఆగిపోతుంది. మొన్న మార్చిలో తెనాలి నుంచి వస్తూ రైలు గేటు దగ్గర నెమ్మది చేసేసరికి, సరిగ్గా పట్టాల మీద ఆగింది. గేటుమేనూ ఇంకో ఇద్దరూ కలిసి తోశారు. ఆయన భార్య రాహేలమ్మ గారు కారు దిగి, చీర సర్దుకుని, ఇక ఈ కారెక్కనని చెప్పి వెనకొచ్చే బస్సెక్కేశారు.

అప్పటినుంచి ప్రతి శనివారం ఒక ఊరేగింపు. రాహేలమ్మ గారు బాపట్లలో అక్క గారింటికి బస్సులో వెళ్తారు. ఆ బస్సు వెనకే డాక్టరు గారు కారులో వెళ్తారు. ఆవిడ సంచీ మాత్రం కారులోనే, ముందు సీట్లో. దానికి ప్రాణభయం లేదు.

"నలభై రెండేళ్ల కాపురం బాలకృష్ణా. ఆవిడ పక్కన లేకపోతే నాకు గేరు కూడా సరిగా పడటం లేదు," అన్నారొకసారి. నవ్వబోయి, ఆయన కళ్లు చూసి మానుకున్నాను. ఎలాగైనా ఆవిడ మళ్లీ ఆ సీట్లో కూర్చోవాలి, అంతకంటే ఆయనకి ఇంకేం అక్కర్లేదు.

నేను చేయని పని లేదు. ప్లగ్గులు మార్చాను, కార్బురేటరు విప్పి జెట్లు ఊది కడిగాను, గ్యాస్కెట్లు వేశాను. షాపులో బానెట్ ఎత్తిపెట్టి ఎంతసేపు ఆడించినా చక్కగా ఆడేది. పంపిన వారానికి మళ్లీ అదే కథ. నేనూ ఆయన్ని మూడు ప్రశ్నలు అడిగాను. ఏ బంకు పెట్రోలు, ఎంత దూరం పోయాక ఆగుతోంది, ఎవరైనా చెయ్యి పెట్టారా.

"నీ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలేదయ్యా," అన్నారు మూడోదానికి. పెద్దాయన మాట కదా, నమ్మాను.

పోయిన శనివారం విసుగు పుట్టి, ఆవిడ సంచీ ఒళ్లో పెట్టుకుని, పనిముట్ల సంచీతో ఆయన పక్కన నేనే ఎక్కాను. ముందు బస్సులో రాహేలమ్మ గారు, ఆవిడ పక్కన మా తులసి. తులసి పుట్టిల్లు బాపట్లే. శనివారాలు ఇద్దరూ కలిసే వెళ్తారు. కర్లపాలెంలో బస్సు డ్రైవరు టీకి దిగాడు. వెనక మా కారు నిలిచింది, వణికింది, ఆగిపోయింది.

బానెట్ ఎత్తితే పొయ్యిలా సెగ కొట్టింది. మళ్లీ స్టార్ట్ చేయించి, గొట్టాలు ఒక్కొక్కటే వేళ్లతో నొక్కుతూ పోయాను. బ్యాటరీ వెనక సన్నటి నల్ల గొట్టం నొక్కగానే ఇంజను సర్దుకుంది. వదిలితే వణుకు, నొక్కితే నిదానం. ఇంజనులోకి అక్కర్లేని గాలి దొంగతనంగా దూరుతున్నది అక్కడే.

లాగి చూస్తే రబ్బరు కాదు. నల్ల టేపు చుట్టిన సెలైన్ ట్యూబు. చల్లగా ఉంటే బిగుసుకుని ఉంటుంది, మూసిన బానెట్ కింద గంటసేపు ఉడికితే మెత్తబడి సందు ఇస్తుంది. టేపు చుట్టిన తీరు చూశాను. ఒక చుట్టు మీద సగం ఇంకో చుట్టు, చివర వాలుగా కత్తిరించి, తెగిన వేలికి కట్టినట్టుంది. మా పేటలో అలా కట్టు కట్టేది ఒక్కరే.

ట్యూబు ఆయన ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఏ మెకానిక్కు చేశాడో," అన్నారు.

ఇరవయ్యేళ్లుగా ఆ కారుకి మెకానిక్కుని నేనొక్కణ్ణే. ఒళ్లు మండింది. నోరు తెరిచేలోపు రాహేలమ్మ గారు బస్సు దిగి వచ్చారు.

"ఏంటి బాబూ, దొరికిందా?"

మూడేళ్ల నాటి మేలు గుర్తొచ్చింది. "దొరికిందండి. గొట్టం ఎలుక కొరికిందమ్మా," అన్నాను.

ఆవిడ ట్యూబు అందుకుని తిప్పి చూశారు. "టేపు కూడా ఎలుకే చుట్టిందా?"

డాక్టరు గారు కళ్లజోడు మళ్లీ తుడవసాగారు.

"పోయిన వానాకాలం ఇది కట్టేటప్పుడు సెల్లు లైటు పట్టుకుంది నేనే. పట్టాల మీద ఆగినందుకు కోపం రాలేదు బాబూ, పాత కారన్నాక ఆగుద్ది. మా మెకానిక్కు చేతగానోడని ఈయన గేటుమేనుతో చెప్పారు చూడు, అందుకు దిగాను. నీకు ఈయనే చెబుతారని ఇన్నాళ్లూ చూస్తున్నా." భర్త వైపు తిరిగారు. "ఎవరి మందు వాడారు?"

అరుగు మీద ఎంతోమందికి చెమటలు పట్టించిన ప్రశ్న అది. డాక్టరు గారు టీకొట్టు వైపు చూశారు, బస్సు వైపు చూశారు.

"నాదే," అన్నారు చివరికి. "నేనే పెట్టాను రాహేలూ. అందరినీ తిట్టే నోటితో ఇతనికి చెప్పడానికి సిగ్గేసింది."

నా కోపం పోయింది. ఆ ముఖం చూస్తే ఎవరికైనా పోతుంది. పనిముట్ల సంచీలోంచి మంచి రబ్బరు గొట్టం తీసి వేశాను, ఐడ్లింగ్ నిలబెట్టే స్లో స్క్రూ సరిచేశాను. కాలు తీసినా ఇంజను నిలబడింది. రాహేలమ్మ గారు ముందు తలుపు తీసి, తన సంచీని వెనక సీట్లో పడేసి కూర్చున్నారు. డాక్టరు గారు గేరు వేశారు. సరిగ్గా పడింది.

నేను వెనక తలుపు పట్టుకున్నాను.

"ఇక్కడ కాదు బాబూ," అన్నారు రాహేలమ్మ గారు. "బస్సులో తులసి పక్కన నా సీటు ఖాళీగా ఉంది, వెళ్లి కూర్చో." గొంతు తగ్గించారు. "ఆ గ్యాస్ట్రిక్ సంగతి తనకి ఎప్పుడో తెలుసు. నువ్వే చెబుతావని మూడేళ్లుగా చప్పిడి కూరలు తింటోంది."

బస్సు హారన్ కొట్టింది. ఎక్కాను. తులసి ఆశ్చర్యపోలేదు, కిటికీ వైపు జరిగి చోటిచ్చింది. పనిముట్ల సంచీ కాళ్ల మధ్య పెట్టుకున్నాను.

"కారుకి ఏంటంట జబ్బు?" అని అడిగింది.

"కారు సంగతి తర్వాత," అన్నాను. "నాది గ్యాస్ట్రిక్ కాదు తులసీ."