భుజం మీద చెయ్యి

ఆ పొద్దున ఆకాశం కురవనూ లేదు, తెరిపి ఇవ్వనూ లేదు. బూడిద రంగు మబ్బు గోదావరి వైపు నుంచి వచ్చి క్వార్టర్ల మీద బరువుగా కూర్చుంది. ఆ మబ్బు కిందనే రాయమల్లు ఇనుప పొన్ను వేసిన కర్ర చంకన పెట్టుకొని బొగ్గుగనిలో మొదటి షిఫ్టుకు నడుస్తున్నాడు. కుడిపక్కన సర్వర్. సర్వర్ ఎప్పుడూ కుడిపక్కనే నడిచేవాడు. రాయమల్లు ఎడమ చెవి ఎన్నడో పోయింది. కుడి చెవికి దగ్గరగా వచ్చి చెప్తేనే మాట అందుతుంది.

"దవాఖానకు పోదాం అన్నా. చెవి జూపిద్దాం," అన్నాడు సర్వర్.

"జూపిస్తే ఏమైతది? గని దిగనియ్యరు, పైన పనికి పంపుతరు. గ్యాంగును తలా ఒక దిక్కు పారేస్తరు. మొగిలిని ఎవడు తీస్కుంటడు చెప్పు."

సర్వర్ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

రాయమల్లు సర్దార్. అంటే బొగ్గు నింపే గ్యాంగుకు పెద్ద. యాభైకి దగ్గరపడ్డ పొట్టి మనిషి. నుదుటి మీద పాత గాయాల్లో బొగ్గు ఇమిడిపోయి నీలి చారలుగా మిగిలింది. అతని గ్యాంగులో ఉన్నవాళ్లు వేరే సర్దార్లు మాకొద్దన్నవాళ్లే. గట్టయ్యకు నోరు ఎక్కువ, కల్లు ఇంకా ఎక్కువ. మొగిలి కుడిచేతికి రెండు వేళ్లు లేవు. సర్వర్ గని కప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టే పనివాడు. అతను కొత్తగా వచ్చినప్పుడు అతనితో కూర్చొని సద్ది తినడానికి ఎవరూ ముందుకు రాలేదు. రాయమల్లు ఎవరినీ ఏమీ అనలేదు. సర్వర్ గిన్నెలోంచి జొన్నరొట్టె ముక్క తుంచుకొని, తన గిన్నె అతని ముందుకు జరిపి, నమిలాడు. మర్నాడు మొగిలి వచ్చి పక్కన కూర్చున్నాడు. గట్టయ్య రావడానికి ఇంకొన్నాళ్లు పట్టింది. అప్పట్నుంచి ఆ గ్యాంగులో అందరూ చేరనిదే ఎవరి గిన్నె మూతా లేవలేదు.

బలమున్నవాడు నింపిన బొగ్గునూ బలం లేనివాడు నింపిన బొగ్గునూ కలిపి లెక్కగట్టి, వచ్చిన కూలిని రాయమల్లు అందరికీ సమంగా పంచేవాడు. పనిచోటికి ముందు తాను పోయేవాడు, అందరి వెనక తాను వచ్చేవాడు. పెద్దరికమంటే అతనికి తెలిసింది ఇంతే.

ముందు పోయి కప్పు చూడటం సర్దార్ పని. కర్రతో పైన కొడితే గట్టి కప్పు ఖంగుమంటుంది. బోలుగా ఉన్నది తడిసిన డప్పులాగ మొద్దుగా పలుకుతుంది. బాగుందనుకుంటే సుద్దతో గోడకు గీత గీస్తాడు. ఆ గీత పడ్డాకే మనుషులు లోపలికి కదులుతారు. రాయమల్లు కొడుతుంటే సర్వర్ వెనక నిలబడి వినేవాడు. మంచిదైతే భుజం మీద ఒకసారి తట్టేవాడు, కాకుంటే రెండుసార్లు. ఎన్నాళ్లుగానో గని ఆ చేతి మీదనే నడుస్తున్నది. ఇద్దరూ ఎన్నడూ దాని గురించి మాట్లాడుకోలేదు.

ఆ రోజు దుంగలు సమయానికి రాలేదు. వాటిని చూసుకొని వస్తానని సర్వర్ వెనక్కి పోయాడు. బొగ్గు నింపాల్సిన ఖాళీ టబ్బులు వచ్చి నిలబడ్డాయి. తట్టలు పక్కన పెట్టుకొని మనుషులు గోడకు ఆనుకున్నారు. గట్టయ్య దీపం రాయమల్లు ముఖం మీద పడింది.

"ఏంది సర్దార్, సర్వర్ మియా లేకుంటే రూఫు నీతోని మాట్లాడదా?" అన్నాడు, గట్టిగా.

మొగిలి నవ్వాడు. రాయమల్లు కూడా నవ్వాడు. కానీ ముఖం చెవుల దాకా వేడెక్కింది. సర్వర్ వచ్చేదాకా ఆగుండ్రి అనవచ్చు. అంటే ఎందుకని అడుగుతారు. లేచి కర్ర తీసుకొని లోపలికి పోయాడు. ఎడమ అరచెయ్యి కప్పుకు ఆనించి, కుడిచేత్తో కొట్టాడు. అదురు అరచేతికి అందినట్టే అనిపించింది. ఇంకోసారి కొట్టాడు. ఖంగుమన్నట్టే ఉంది. అది చెవికి వినిపించిందో, పాత రోజుల నుంచి జ్ఞాపకానికి వచ్చిందో తేల్చుకోలేకపోయాడు. అలవాటుగా భుజం వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు.

గీత గీశాడు.

అప్పుడే సర్వర్ దుంగ భుజాన వేసుకొని వచ్చాడు. గోడ మీద కొత్త సుద్దగీతను చూశాడు. తర్వాత రాయమల్లును చూశాడు.

"చూసినవా అన్నా?"

"చూసిన."

రాయమల్లు ఆ గ్యాంగుతో ఆడిన అబద్ధం అదొక్కటే. సర్వర్ కర్ర అడిగి తానే ఒకసారి కొట్టి ఉండవచ్చు. సర్దార్ గీత గీసిన కప్పును దుంగలవాడు అందరి ముందు కొట్టి చూస్తే, ఆ సర్దార్‌కు ఇంకేమీ మిగలదు. సర్వర్ అడగలేదు.

"మీరంత ఈడనే ఉండుండ్రి. దుంగ నిలబెట్టినంక రండి," అని ఒక్కడే గీత దాటాడు.

దుంగ నిలబెట్టి, పైన చెక్క దూర్చి, సుత్తి ఎత్తాడు. రాయమల్లుకు ఏమీ వినపడలేదు. గట్టయ్య నోరు తెరవడం మాత్రం చూశాడు. ఆ వెంటనే పాదాల కింద నేల అదిరింది. దుమ్ము వచ్చి దీపాలన్నిటినీ కప్పేసింది.

కూలిన కప్పుబండ కింది నుంచి సర్వర్‌ను తీసినప్పుడు అతని ముఖానికి ఏ దెబ్బా లేదు. పడుకున్నట్టే ఉన్నాడు.

గని పైకి వచ్చాక అధికారి అడిగాడు. "రూఫ్ ఎవరు చూశారు?"

రాయమల్లుకు అందలేదు. ఏమన్నారని అతను అడగకముందే గట్టయ్య కుడిపక్కకు వచ్చి, చెవి దగ్గర వంగి ఆ మాట మళ్లీ చెప్పాడు.

"నేనే చూసిన," అన్నాడు రాయమల్లు.

"ఎలా పలికింది?"

గట్టయ్య ఇదీ చెవిలో చెప్పాడు. రాయమల్లు కప్పుకు ఆనించిన తన అరచెయ్యి చూసుకున్నాడు.

"నాకు ఇనపడదు సారు."

అధికారి అతన్ని రేపట్నుంచి పైననే ఉండమన్నాడు. గ్యాంగులో ఉన్నవాళ్లను తలా ఒక సర్దార్ కింద సర్దుతామన్నాడు. మొగిలి వేళ్లు లేని చేతిని జేబులో దాచుకున్నాడు.

సర్వర్‌కు మట్టి ఇచ్చి వచ్చేసరికి పొద్దు గుంకుతున్నది. ముగ్గురూ సర్వర్ క్వార్టర్ ముందున్న బండ మీద కూర్చున్నారు. గనిలో వదిలిన సద్దిగిన్నెలను మొగిలి మోసుకొచ్చాడు. నాలుగూ ఉన్నాయి.

 గట్టయ్య రాయమల్లు కుడి చెవికి వంగాడు.

"నీకు ఇనపడదని మాకెర్కనే అన్నా. ఆయన నీ భుజం తట్టుడు రోజు జూస్తనే ఉన్నం. పొద్దుగాల నేను నవ్వులాటకన్న. ఆగుమంటే ఆగుదుము గద."

రాయమల్లు తల ఊపాడు. 

పరదా వెనక నుంచి సర్వర్ భార్య సుగ్రా బీ గొంతు వచ్చింది. ఏడ్చి ఏడ్చి అరిగిపోయిన గొంతు. "పొద్దటి సంది మీరేం తినలేదు భాయ్. ఆకలితోని పోవద్దు. తినుండ్రి."

మొగిలి తన గిన్నె మూత తీశాడు. గట్టయ్య తీశాడు. ఆఖరున రాయమల్లు కూడా తీశాడు. అన్నం చల్లబడి గట్టిపడింది. అందరూ చేరకుండా ఆ గ్యాంగు తినడం అదే మొదటిసారి. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా, ఒకరి గిన్నెలో ఒకరు చెయ్యి పెట్టకుండా తిన్నారు.

సర్వర్ గిన్నె మూత వేసింది వేసినట్టే, రాయమల్లుకు కుడిపక్కన ఉండిపోయింది.